ఇల్మాటిక్: ఒక వాడను లోకానికి వినిపించిన పది పాటలు

అమెరికా ర్యాప్ గాయకుడు నాస్ వెలువరించిన తొలి ఆల్బమ్ పేరు 'ఇల్మాటిక్'. కొలంబియా రికార్డ్స్ సంస్థ దీనిని 1994 ఏప్రిల్ 19వ తేదీన విడుదల చేసింది. ఇందులోని భాగాలు పది. మొత్తం నిడివి నలభై నిమిషాలకు లోపే. విడుదల నాటికి గాయకుని వయస్సు ఇరవై సంవత్సరాలు. ఎనిమిదవ తరగతితో చదువు ఆగిపోయిన యువకుడతడు. అట్టివాని తొలి కృతిని అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2021లో జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చి, భావితరాల కొరకు భద్రపరచదగినదిగా గుర్తించింది.

ఈ పాటలలో దేశాటన లేదు, రాజుల కథ లేదు. న్యూయార్కు నగరంలోని ఒక పేదల నివాస సముదాయం, అక్కడి వీధులు, మెట్లు, బెంచీలు, జైలుకు వెళ్ళిన స్నేహితులు, తిరిగిరాని స్నేహితులు మాత్రమే ఉన్నారు. వాడను విడిచి పోకుండా, వాడలోని మాటతోనే వాడను వర్ణించడం వలననే ఈ ఆల్బమ్ లోకమంతటా నిలిచింది. ఆ విధానం ఎట్టిదో తెలుసుకొనడానికి ముందు ఈ కళ పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలియాలి.

హిప్ హాప్ పుట్టుక

ర్యాప్ అనగా రాగం తీసి పాడే పాట కాదు. తాళం తప్పకుండా, ప్రాసలు కుదురుస్తూ, మాటలను ధారగా పలికే పద్ధతి. దీనికి మూలమైన హిప్ హాప్ కళకు 1973 ఆగస్టు 11వ తేదీని పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆనాడు న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో, జమైకా నుండి వచ్చి స్థిరపడిన కూల్ హెర్క్ అనే యువకుడు ఒక విందులో రికార్డులు వాయించాడు. ఒకే పాట రికార్డులు రెండు తెచ్చి, రెండు యంత్రాలపై ఉంచి, కేవలం డప్పుల దరువు వినిపించే భాగాన్ని మరల మరల తిప్పి వాయించడం అతని పద్ధతి. ఆ దరువుపై మైకు పట్టుకొని మాటలు పలికే అలవాటు క్రమంగా ర్యాప్‌గా రూపొందింది. 1979లో 'ర్యాపర్స్ డిలైట్' అనే రికార్డుతో అది అమెరికా అంతటా వినిపించింది.

1980ల నడుమ నుండి 1990ల నడుమ వరకు గల కాలాన్ని హిప్ హాప్ స్వర్ణయుగమని వ్యవహరిస్తారు. ప్రతి సంవత్సరం కొత్త శైలి, కొత్త గొంతు, కొత్త విషయం వెలువడిన కాలమది. ఆ యుగపు చివరి భాగంలో వచ్చిన గొప్ప ఆల్బమ్‌లలో 'ఇల్మాటిక్' ఒకటి. హిప్ హాప్ పుట్టినరోజుగా చెప్పే తేదీకి నెల రోజుల తరువాత, 1973 సెప్టెంబరు 14న నాస్ జన్మించడం విశేషం.

అదే 1973లో న్యూయార్కు రాష్ట్రం మాదకద్రవ్యాలపై మిక్కిలి కఠినమైన చట్టాలు చేసింది. నాటి గవర్నరు పేరుమీద వీటిని రాక్‌ఫెల్లర్ చట్టాలన్నారు. కొద్దిపాటి సరకు అమ్మినవారికి సైతం కనీసం 15 సంవత్సరాల నిర్బంధ శిక్ష పడే ఏర్పాటు వీటిలో ఉండేది. 2009లో మాత్రమే వీటిని గణనీయంగా సడలించారు. నాస్ పాటలలో జైలు పదేపదే ఎందుకు వినిపిస్తుందో ఈ చట్టం తెలిస్తే బోధపడుతుంది.

క్వీన్స్‌బ్రిడ్జ్

నాస్ అసలు పేరు నాసిర్ జోన్స్. బ్రూక్లిన్‌లో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో క్వీన్స్‌బ్రిడ్జ్ హౌసెస్‌కు వచ్చాడు. క్వీన్స్ ప్రాంతంలో, క్వీన్స్‌బరో వంతెన సమీపాన 1939లో ప్రారంభమైన ప్రభుత్వ నివాస సముదాయమిది. ఆరంతస్తుల ఇటుక భవనాలలో మూడు వేలకు పైగా ఇళ్ళు ఉన్నాయి. ఉత్తర అమెరికాలోని ప్రభుత్వ నివాస సముదాయాలలో ఇదే పెద్దదని పేరు.

కష్టజీవుల కొరకు కట్టిన ఈ ఇళ్ళు 1980లలో క్రాక్ అనే చవక రకం కొకైన్ ధాటికి చిక్కుకున్నాయి. 1990లో న్యూయార్కు నగరంలో 2,200కు పైగా హత్యలు జరిగాయి. నగర చరిత్రలో అంతటి సంఖ్య మరి ఏ ఏడాదిలోనూ లేదు. అయితే ఈ వాడకు మరొక ముఖం కూడా ఉన్నది. డప్పుల శబ్దాలను విడివిడిగా యంత్రంలో పట్టి కొత్త దరువులు కూర్చిన మార్లీ మార్ల్, వాడ చరిత్రను పాటగా కట్టిన ఎం.సి. షాన్, 1984లో పద్నాలుగేళ్ళ వయసులోనే రికార్డుతో పేరు తెచ్చుకున్న రోక్సాన్ షాంటే అనే బాలిక, వీరందరూ ఇక్కడివారే. నాస్‌కు ర్యాప్ అనేది దూరపు నగరం నుండి రేడియోలో వచ్చిన వింత కాదు. ఇంటి కిటికీ క్రింద జరిగే విద్య.

తల్లిదండ్రులు, చదువు

తండ్రి ఓలు దారా జాజ్ సంగీతకారుడు. మిసిసిపి రాష్ట్రంలోని నాచెజ్ పట్టణం ఆయన స్వస్థలం. కార్నెట్ అనే చిన్న బాకా వాయించడంలో నిపుణుడు. తల్లి ఫ్యానీ ఆన్ జోన్స్ నార్త్ కరోలినా రాష్ట్రం నుండి వచ్చినవారు; తపాలా శాఖలో ఉద్యోగం చేశారు. తల్లిదండ్రులు విడిపోయిన తరువాత నాస్‌నూ, అతని తమ్ముడు జబారినీ ఆమె పెంచారు. 2002లో ఆమె మరణించారు.

నాస్ చిన్నతనంలో ట్రంపెట్ వాయించడం నేర్చాడు. ఎనిమిదవ తరగతి తరువాత బడికి పోవడం మానివేశాడు. కాని ఇంట తండ్రి సేకరించిన పుస్తకాలు ఉండేవి. ఆఫ్రికా చరిత్ర, మతగ్రంథాలు, ఇతర దేశాల విషయాలు వాటి నుండి స్వయంగా చదువుకున్నాడు. బడి మానడం మేలు చేసిందని దీనిని బట్టి అనుకోరాదు. ఆ వాడలో బడి మానిన తక్కిన పిల్లలలో అనేకులకు ఇంట పుస్తకాలు లేవు; వారు ఏమైనారో నాస్ పాటలే చెబుతాయి.

తొలి అడుగులు

1991లో మెయిన్ సోర్స్ అనే బృందం తమ ఆల్బమ్‌లోని 'లైవ్ ఎట్ ది బార్బెక్యూ' పాటలో నాస్‌కు అవకాశం ఇచ్చింది. పాటలో మొదటి చరణం అతనిదే. అప్పటికి అతని వయస్సు పదిహేడు, పద్దెనిమిది సంవత్సరాలు. ఆ ఒక్క చరణంతో న్యూయార్కు ర్యాప్ లోకం అతని వైపు తిరిగి చూసింది. 1992లో 'జీబ్రాహెడ్' అనే సినిమా కొరకు 'హాఫ్‌టైమ్' పాట ఇచ్చాడు. అప్పట్లో అతని పేరు నాస్టీ నాస్.

థర్డ్ బాస్ బృందానికి చెందిన ఎం.సి. సెర్చ్ ఇతనికి అండగా నిలిచాడు. నమూనా పాటలను సంగీత సంస్థలకు వినిపించాడు. చివరకు కొలంబియా సంస్థలో పనిచేస్తున్న ఫెయిత్ న్యూమన్ ఈ గొంతు విలువ గుర్తించి ఒప్పందం కుదిర్చింది.

ఈ ఆనందం నడుమనే దుఃఖం వచ్చింది. 1992 మే 23న క్వీన్స్‌బ్రిడ్జ్‌లో జరిగిన కాల్పులలో నాస్ ప్రాణస్నేహితుడు విల్లీ గ్రాహం మరణించాడు. వాడలో అతనిని ఇల్ విల్ అని పిలిచేవారు. పై అంతస్తులో నివసిస్తూ, నాస్‌తో కలిసి పాటలు కూర్చినవాడతడు. అదే రాత్రి తమ్ముడు జబారికి కూడా తూటా తగిలింది. అతడు బ్రతికి బయటపడ్డాడు. 'ఇల్మాటిక్' పాటలలో అధికభాగం ఈ సంఘటన తరువాత రూపొందినవే. స్నేహితుని పేరు వాటిలో మరల మరల వినిపిస్తుంది. తరువాతి కాలంలో నాస్ స్థాపించిన రికార్డు సంస్థకు కూడా ఇల్ విల్ అనియే పేరు పెట్టాడు.

సంగీతం కూర్చిన విధానం

మన సినిమా రంగంలో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే నిర్మాత. ర్యాప్‌లో ప్రొడ్యూసర్ అంటే సంగీతం కూర్చేవాడు. ఆ కాలంలో ఒక ఆల్బమ్‌కు సాధారణంగా ఒక్కరో, ఒకే బృందమో సంగీతం కూర్చేవారు. 'ఇల్మాటిక్' కొరకు నాటి న్యూయార్కులోని ఉత్తమ ప్రొడ్యూసర్లు అనేకులు ఒక్కచోట చేరారు. డి.జె. ప్రీమియర్ మూడు పాటలకు, లార్జ్ ప్రొఫెసర్ మూడు పాటలకు, పీట్ రాక్, క్యూ టిప్, ఎల్.ఇ.ఎస్. తలా ఒక పాటకు పనిచేశారు. పలువురిని కూర్చుకొనే ఈ పద్ధతి ఆ తరువాత ర్యాప్‌లో ఆనవాయితీగా మారింది.

వీరి ముఖ్య సాధనం శాంపిలింగ్. పాత రికార్డు నుండి కొన్ని క్షణాల ధ్వనిని యంత్రంలో పట్టి, దానినే మరల మరల వినిపిస్తూ కొత్త పాటకు ఆధారం చేయడమే శాంపిలింగ్. 'ది వరల్డ్ ఈజ్ యువర్స్' పాటలో వినిపించే పియానో, జాజ్ విద్వాంసుడు అహ్మద్ జమాల్ 1970లో ఇచ్చిన రికార్డులోనిది. 'ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్' పాటకు జో చేంబర్స్ రికార్డులోని గంభీరమైన పియానో స్వరాలు ఆధారం. చివరి పాట 'ఇట్ ఎయింట్ హార్డ్ టు టెల్' మైకేల్ జాక్సన్ పాడిన 'హ్యూమన్ నేచర్' పాటపై నిలిచి ఉన్నది.

1991 వరకు ఇట్లు ధ్వనులు తీసుకొనడంపై అంతగా పట్టింపు ఉండేది కాదు. ఆ సంవత్సరం డిసెంబరులో న్యూయార్కులోని ఫెడరల్ న్యాయస్థానం, బిజ్ మార్కీ అనే ర్యాపరుకు సంబంధించిన వ్యాజ్యంలో, అనుమతి లేకుండా పాట భాగాన్ని వాడడం హక్కుల ఉల్లంఘన అని తీర్పు చెప్పింది. నాటినుండి ధ్వనికి అనుమతి, దానికి తగిన ధర తప్పనిసరి అయినవి. ఒక పాటలో పదుల కొలది రికార్డులను గుప్పించే పద్ధతి తగ్గి, ఎంచుకున్న ఒకటి రెండింటిని నైపుణ్యంతో వాడే పద్ధతి పెరిగింది. 'ఇల్మాటిక్' సంగీతంలోని పొదుపు ఈ మార్పు నడుమ పుట్టినది.

మూడవ పాట విశేషం మరొకటి. ఆల్బమ్ మొత్తంలో నాస్ కాక తన సొంత చరణం పలికిన ర్యాపర్ ఈ పాటలోని ఏ.జెడ్. ఒక్కడే. పాట ముగింపులో మెల్లగా వినిపించే కార్నెట్ వాయిద్యం నాస్ తండ్రి ఓలు దారాది. బ్రతుకుపై విసుగుతో సాగే ఆ పాట తండ్రి వాయిద్యంతో ముగియడం శ్రోతల మనసులో నిలిచిపోతుంది.

పాటలలోని విషయం

ఆల్బమ్ సబ్‌వే రైలు శబ్దంతో మొదలవుతుంది. హిప్ హాప్ తొలి దినాలను చూపిన 'వైల్డ్ స్టైల్' అనే 1983 నాటి సినిమాలోని సంభాషణ, నాస్ తొలి చరణం లీలగా వినిపిస్తాయి. తన కళ ఎక్కడినుండి వచ్చిందో ముందుగా చెప్పి, ఆపై తన మాట చెప్పడం ఇందులోని పద్ధతి.

'ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్' పాటలో కథకుడు కాల్పుల నడుమ చిక్కుకుంటాడు. పరుగెత్తి భవనంలోకి వస్తే అక్కడ పిల్లలు గుమికూడి ఉంటారు. గొప్పలు చెప్పుకొనే వీరగాథగా మొదలైన కథలో ఆ పిల్లలు కనబడగానే వినేవానికి భయం కలుగుతుంది. మొదటి చరణాన్ని నాస్ ఒకే ప్రయత్నంలో రికార్డు చేశాడని డి.జె. ప్రీమియర్ తరువాత చెప్పాడు. 'మెమరీ లేన్' పాట బాల్యస్మృతుల వరుస. 'రిప్రజెంట్' వాడలోని మిత్రుల పేర్ల పట్టిక వంటిది.

వీటన్నిటిలో 'వన్ లవ్' పాట ప్రత్యేకమైనది. ఇది ఉత్తరాల రూపంలో సాగుతుంది. జైలులో ఉన్న స్నేహితునికి నాస్ వాడ కబుర్లు వ్రాస్తాడు. నీకు కొడుకు పుట్టాడట, నీ పోలికేనట అని శుభవార్త చెబుతాడు. నీ ఇల్లాలు ఉత్తరం ఎందుకు వ్రాయడం లేదని అడుగుతాడు. ఎవరెవరు మారిపోయారో, ఎవరికి ఏమైందో తెలుపుతాడు. ఇట్టి ఉత్తరాలకు జవాబు పాటలో వినిపించదు.

చివరి చరణంలో అతడు పన్నెండేళ్ళ బాలునితో బెంచీ మీద కూర్చుంటాడు. ఆ పసివాడు మత్తుమందు అమ్ముతున్నాడు. తుపాకి, ఛాతీకి తూటా దిగని కవచం ధరించి ఉన్నాడు. నాస్ అతనికి తనకు తెలిసిన జాగ్రత్తలు చెప్పి, పైకి ఎదగమని హితవు పలికి, లేచి వెళ్ళిపోతాడు. బాలుడు మారాడని పాట చెప్పదు. ముందు చరణాలలో ఉత్తరాలు అందుకున్నవారు కూడా కొన్నేళ్ళ క్రితం ఇదే బెంచీ మీద కూర్చున్న బాలురే అని వినేవానికి తోస్తుంది. ఉపన్యాసం ఇవ్వకుండానే, ఒక తరం తరువాత మరొక తరం జైలుకు పోయే దారిని ఈ పాట చూపించింది.

ప్రాస, లయ

తెలుగు పద్యంలో ప్రాస ప్రతి పాదంలోని రెండవ అక్షరానికి సంబంధించినది. ఆంగ్ల ర్యాప్‌లో ప్రాస ముఖ్యంగా పాదం చివర ఉంటుంది. దానిని అంత్యప్రాసగా భావించవచ్చును. తొలినాటి ర్యాపర్లు పాదం చివర ఒక్క మాటను కలిపి తృప్తిపడేవారు. 1980ల చివర రకిమ్ అనే ర్యాపర్ పాదం నడుమ కూడా ప్రాసలు పొదిగి మార్గం చూపాడు. నాస్ దానిని ఇంకా విస్తరించాడు. ఒక మాటలోని మూడు నాలుగు అచ్చుల ధ్వనులను తరువాతి మాటలలో అదే వరుసలో తెచ్చి, వాక్యాన్ని పాదం చివర ఆపకుండా తరువాతి పాదంలోకి ప్రవహింపజేస్తాడు. అందువలన వినేవారికి లెక్క కట్టిన పద్యంలా కాక, ఎదుటి మనిషి ఊపిరాడకుండా చెబుతున్న ముచ్చటలా వినిపిస్తుంది.

అతని భాష క్వీన్స్‌బ్రిడ్జ్ వీధి భాష. 'ఇల్' అనే మాటకు ఆంగ్లంలో జబ్బు అని అర్థం. ఆ వీధులలో మాత్రం అద్భుతమని అర్థం. ఆల్బమ్ పేరులోనే ఆ వాడ మాట ఉన్నది.

అట్ట బొమ్మ

ఆల్బమ్ అట్టపై ఏడేళ్ళ నాస్ ముఖం కనిపిస్తుంది. ఆ ఛాయాచిత్రం తండ్రి తీసినది. డానీ క్లించ్ అనే ఛాయాగ్రాహకుడు తీసిన క్వీన్స్‌బ్రిడ్జ్ వీధి దృశ్యాన్ని ఆ పసిముఖంతో కలిపి ముద్రించారు. బాలుని కన్నులలో, నుదుటిపై భవనాలు తేలుతున్నట్లు ఉంటుంది. అంతవరకు ర్యాప్ ఆల్బమ్ అట్టలపై గాయకుడు నగలతోనో, మిత్రబృందంతోనో నిలబడడం పరిపాటి.

ఆదరణ

విడుదలకు చాలా ముందే దొంగ క్యాసెట్లు వీధులలో వ్యాపించి అమ్మకాలను దెబ్బతీశాయి. బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో 12వ స్థానంతో ప్రవేశించినప్పటికీ, సంస్థ ఆశించినంత వేగంగా అమ్ముడుపోలేదు. విమర్శకుల తీర్పు మాత్రం వేరు. హిప్ హాప్ పత్రికలలో నాడు మిక్కిలి పలుకుబడి గల 'ది సోర్స్' దీనికి అయిదు మైకులు ఇచ్చింది. ఆ పత్రిక ఇచ్చే అత్యున్నత గుర్తింపు అది. కొత్తవాని తొలి ఆల్బమ్‌కు దక్కడం అరుదు. అయిదు లక్షల ప్రతులకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు 1996లోనూ, పది లక్షల ప్రతులకు ఇచ్చే ప్లాటినం గుర్తింపు 2001లోనూ లభించాయి. దీనికి గ్రామీ పురస్కారం రాలేదు. నాస్‌కు తొలి గ్రామీ 2021లో 'కింగ్స్ డిసీజ్' అనే మరొక ఆల్బమ్‌కు వచ్చింది.

తల్లిదండ్రులు తెలుసుకోవలసినది

ఈ ఆల్బమ్ పసిపిల్లలకు వినిపించదగినది కాదు. బూతులు, మత్తుమందుల ప్రస్తావన, తుపాకుల వర్ణన విస్తారంగా ఉన్నాయి. స్త్రీలను కించపరచే మాటలు అక్కడక్కడ ఉన్నాయి. మూడవ పాట శీర్షికలోనే అట్టి తిట్టు ఒకటి ఉన్నది. జరిగినది జరిగినట్లు చెప్పడానికి కొన్ని మాటలు అవసరమని సమర్థించవచ్చును గాని, అన్నిటికీ ఆ సమర్థన చెల్లదు. అయితే బూతు ఉన్నదని మొత్తాన్ని తోసివేస్తే, పన్నెండేళ్ళ బాలుని చేతికి తుపాకి ఎట్లు వచ్చిందన్న ప్రశ్నను కూడా తోసివేసినట్లవుతుంది. ఎదిగిన పిల్లలు ర్యాప్ వింటున్న ఇళ్ళలో, పెద్దలు ఆ మాటల అర్థం వారితో కలిసి చర్చించడం మేలు.

తరువాతి కాలం

'ఇల్మాటిక్' తరువాత వచ్చిన ర్యాపర్లకు ఇది కొలబద్దగా మారింది. నాస్ స్వయంగా వెలువరించిన ప్రతి ఆల్బమ్‌ను కూడా తొలి ఆల్బమ్‌తో పోల్చి చూడడం విమర్శకులకు అలవాటైంది. 2013లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం హిప్ హాప్ పరిశోధన కొరకు నాసిర్ జోన్స్ పేరిట ఒక ఫెలోషిప్ నెలకొల్పింది. ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా 2014లో 'టైమ్ ఈజ్ ఇల్మాటిక్' అనే డాక్యుమెంటరీ చిత్రం న్యూయార్కులోని ట్రైబెకా చలనచిత్రోత్సవంలో ప్రారంభ చిత్రంగా ప్రదర్శితమైంది. అదే సంవత్సరం వాషింగ్టన్‌లోని కెనెడీ సెంటరులో నేషనల్ సింఫనీ వాద్యబృందంతో కలిసి నాస్ ఈ పాటలను వినిపించాడు.

2021లో జాతీయ పట్టికలో చేరిన నాడు ఆ ఆల్బమ్‌తో పాటు ఒక సబ్‌వే రైలు చప్పుడు, ఒక తండ్రి కార్నెట్ స్వరం, జైలుకు వ్రాసిన ఉత్తరాలు, ఇల్ విల్ అనే యువకుని పేరు కూడా అమెరికా జాతీయ సంపదలో చేరాయి. ఆ యువకుడు ఈ పాటలు వినలేదు. ఆల్బమ్ వెలువడిననాటికి అతడు మరణించి దాదాపు రెండేళ్ళు అయినది.